ఓరుగల్లు కోటలోనికి కాలినడక

ఓరుగల్లు కోటను చూడబోవువారిలో పలువురు వాహనమెక్కి నేరుగా కోట నడిమికి చేరి, నాలుగు కీర్తితోరణములలో నొకదాని క్రింద నిలిచి ఛాయాచిత్రము తీయించుకొని మరలిపోవుదురు. వారు చూచినది శిల్పమే కాని పట్టణము కాదు. హనుమకొండలో వేయిస్తంభముల గుడిని 1163లో ప్రతిష్ఠించిన కాకతి రుద్రదేవుని యనంతరము, అతని తమ్ముని కుమారుడైన గణపతిదేవుడు రాజ్యమేలిన కాలమున, ఆగ్నేయదిశగా వెలసిన ఈ కొత్త రాజధాని వలయములో వలయముగా, నడుమ స్వయంభూదేవుని ఆలయము కేంద్రముగా రూపొందినది. వెలుపలి నుండి లోనికి అంచెలంచెలుగా నడచిపోవువానికి మాత్రమే ఆ యమరిక బోధపడును.

మొదట ఎదురగునది మట్టికోట. తుప్పలు మొలచి, అక్కడక్కడ తెగిపోయిన ఈ గోడ ఎరుగనివారి కంటికి చెరువుకట్టవలె తోచును. అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూరు 1309–10లో ఈ పట్టణమును ముట్టడించినపుడు, ఆ దండయాత్రను వర్ణించిన ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో, ఉక్కు బల్లెము సైతము నాటనంత గట్టిదని మెచ్చుకొన్నది ఈ మట్టిగోడనే. శత్రుపక్షపు కవి నోట వెలువడినది గావున ఆ ప్రశంసకు విలువ హెచ్చు. ఈ గోడ శత్రువుల వశమైన పిదప, లోపలి రాతికోట ఇంకను నిలిచియుండగనే, నాటి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ఏనుగులను, గుఱ్ఱములను, ధనరాసులను ఒసగి సంధి చేసికొనెను.

మట్టికోటకు రాతికోటకు నడుమ నేడును పొలములు, ఇండ్లు కలవు. అగడ్త దాటినంతనే పెద్ద పెద్ద నల్లరాతి దిమ్మెలను సున్నపుటతుకు లేకయే పేర్చిన ప్రాకారము కనబడును. దానిని గణపతిదేవుడు కట్టింపగా కుమార్తె రుద్రమదేవి ఎత్తు పెంచెనని ప్రతీతి. బురుజులు డెబ్బదియేడనియు, ఒక్కొక్కదాని రక్షణ ఒక్కొక్క నాయకునికి అప్పగింపబడెననియు కథలు చెప్పును. లెక్కింపగా రాతికోటకు 45 మాత్రమే కలవు. కథకులకు బురుజుల లెక్కకంటె నాయకుల లెక్క ముఖ్యమై యుండును. ద్వారము చొచ్చిన బాట తిన్నగా లోనికి పోదు. గోడల నడుమ వంకరలు తిరిగి, ఏనుగులను పరుగెత్తించి తలుపులు పగులగొట్టింపదలచిన శత్రువునకు చోటు చిక్కనీయక, ప్రతి మలుపునను పైనున్న విలుకాండ్రకు అతనిని గురి చేయును. కాలినడకన పోవువాడు ఆ మలుపులలో ఒకమారు ఆగి తలయెత్తి చూచినచో, వాస్తుకారుని యుద్ధబుద్ధి ఎట్టిదో వేరుగా వివరింపనక్కరలేదు.

ఈ పట్టణమున ఇట్లే నడచిన ఇరువురు మన సాహిత్యమున కలరు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఒక్కదినమున ఓరుగల్లంతయు తిరిగి, అంగళ్ళను, కోడిపందెములను, ఏకవీరాదేవి గుడిని చూచి, పూటకూళ్ళ యింట రూక యిచ్చి భోజనము చేయుదురు. మానవల్లి రామకృష్ణకవి 1909లో ప్రకటించిన ఈ వీథి యను రూపకము, పట్టణము కూలిన కొన్ని దశాబ్దుల పిదప పుట్టినదే యైనను, రాజుల శాసనములలో దొరకని సామాన్యుల ఓరుగల్లు ఇందు దొరకును. శాసనములు దానములను, యుద్ధములను చెప్పునేగాని, భోజనము వెల ఎంతయో చెప్పవు గదా!

1323లో ఢిల్లీ తుగ్లకు రాకుమారుడు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును గెలిచెను. బందీయై ఢిల్లీకి పోవుచు ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున మరణించెనని విలస తామ్రశాసనము తెలుపుచున్నది. పట్టణమునకు సుల్తాన్‌పురమను పేరు వచ్చెను. స్వయంభూదేవుని ఆలయము నేలమట్టమయ్యెను. దాని స్తంభములు, దూలములు, నందులు, చూరుబండలు నేటికిని ఆ యావరణమున చెల్లాచెదరుగా పడియున్నవి. తోరణములు మాత్రము నాలుగు దిక్కుల నాలుగును నిలిచినవి. ఎందువలన? తోరణములపై హంసలు, మకరములు, పద్మములు, లతలు కలవేగాని ప్రధానముగా దేవతామూర్తులు లేవనుట యొక సమాధానము. జయించినవారు ఆలయస్థానమున మసీదు కట్టి, ఈ తోరణములనే దానికి రాజద్వారములుగా ఉంచుకొనిరని కొందరు చరిత్రకారులు తలచుచున్నారు. నాకు రెండవదే ఎక్కువ సమంజసముగా తోచును: అక్కరకు రాని దానిని అంత శ్రమపడి నిలుపుకొనువారు అరుదు.

ఆ తలపునకు సమీపమున నున్న ఖుష్ మహలు బలము చేకూర్చును. లోనికి వాలిన మందపు గోడలతో, తుగ్లకుల ఢిల్లీ పద్ధతిని కట్టిన ఈ మందిరమును యాత్రికులు సాధారణముగా సరకు చేయరు. గోలకొండ కుతుబ్ షాహీలు 1591లో హైదరాబాదును నిర్మించునపుడు, చార్మినారు చెంత నాలుగు దిక్కుల నాలుగు కమానులు నిలుపుటకు ఓరుగల్లు తోరణములే ప్రేరణయని చెప్పు పండితులును కలరు. 2014లో తెలంగాణ రాష్ట్రము స్వీకరించిన చిహ్నమున తోరణమును చార్మినారును కలిసియే యున్నవి.

కావున పాఠకులు ఓరుగల్లు పోయినపుడు మట్టికోట కడనే వాహనము దిగి, ద్వారముల మలుపులలో నడచి, తోరణములను చేరవలెను. అటుపిమ్మట ఖుష్ మహలును గూడ చూడక మరలరాదు. క్రీడాభిరామమును ముందే చదివి పోయినచో మరియు మేలు.