రాతిలో నిలిచిన చుట్టిల్లు

మా రావికమతం నుంచి చోడవరం మీదుగా అనకాపల్లి వెళ్లి, ఆ పక్కనే శంకరంలో దిగితే రెండు కొండలు కనిపిస్తాయి. తూర్పున బొజ్జన్నకొండ, పడమర లింగాలకొండ. బౌద్ధ భిక్షువుల సంఘారామమే జనం నోట శంకరం అయిందంటారు. 1906 ప్రాంతంలో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వించినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం, చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి.

బొజ్జన్నకొండ మెట్లెక్కి పెద్ద గుహలోకి వెళ్లగానే స్తంభాలు లెక్కపెట్టడం నాకు అలవాటు. మొత్తం 16, కొన్ని విరిగాయి. నడుమ స్తూపం. ఆ వరసల మధ్య నడుస్తుంటే, తొలిచినవాళ్ల మనసులో కొయ్య స్తంభాల మండపం ఉందనిపిస్తుంది.

ఏలూరు జిల్లా గుంటుపల్లిలో ఆ సంగతి మరీ స్పష్టం. క్రీస్తుపూర్వం తొలిచిన అక్కడి గుండ్రని చైత్యగృహానికి కప్పు లోపల రాతివాసాలు చెక్కారు. కొండే కప్పయినప్పుడు వాసాలతో పనేముంది? వాళ్లెరిగిన గుడికి కొయ్య వాసాలున్నాయి, అందుకే చెక్కారు. తలెత్తి చూసిన మొదటిసారే నాకు మా నాయనమ్మ చుట్టిల్లు గుర్తొచ్చింది. గుండ్రని మట్టిగోడ, పైన ఒక్కచోట కలిసే వాసాలు, వంగి దూరాల్సినంత కిందికి దిగిన తాటాకు.

కొయ్య గుడులు కొయ్యగానే మిగిలిన చోట్లూ ఉన్నాయి. నార్వేలో మధ్యయుగపు కొయ్య చర్చిలు 28 ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. బోర్గుండ్‌లోని చర్చి 1180 ప్రాంతానిది. కొయ్య నేలకు తగలకుండా రాతి పునాది మీద దుంగలు పరిచి, స్తంభాలు నిలిపి, తారు పూస్తూ కాపాడుకున్నారు. మన వానకూ చెదకూ ఆనాటి కొయ్య ఆగలేదు. ఆ రూపాన్ని భిక్షువులు కొండలో దాచారు. మన ఉత్తరాంధ్ర పల్లెలు తాటాకు మార్చుకుంటూ, వాసాలు కట్టుకుంటూ చేతుల్లో దాచుకున్నాయి.

ఇప్పుడు చుట్టిళ్ల చోట శ్లాబులు లేస్తున్నాయి. గట్టి ఇల్లు ఎవరికైనా కావాలి, కాదనను. కానీ మరచిపోతే ఏమవుతుందో బొజ్జన్నకొండే చెబుతుంది. ఒకప్పుడు కనుమ నాడు అక్కడో కట్టడాన్ని రాక్షసుడి బొజ్జ అనుకుని జనం రాళ్లు రువ్వేవారు. అదేమిటో తెలియజెప్పాక ఆ ఆచారం ఆగింది.

అందుకే మన పల్లెల పిల్లలకు ఒక పని చెబుతున్నాను. మీ ఊళ్లో మిగిలిన చుట్టింటికి వెళ్లండి. గోడ చుట్టుకొలత తీయండి, వాసాలు లెక్కపెట్టండి, ముడి ఎలా వేస్తారో కట్టిన పెద్దాయన్ని అడిగి రాసుకోండి. గుంటుపల్లి రాతికి ఎక్కిన పనితనం ఇంకా ఆయన చేతిలో ఉంది.