అగస్త్యుడు, మృగవ్యాధుడు: వెలుగు వెనుక దూరం

మాఘ బహుళ చతుర్దశి, అంటే మహాశివరాత్రి నాడు, చంద్రుడు లేని శ్రీకాళహస్తి ఆకాశంలో రాత్రి ఎనిమిది గంటల ప్రాంతాన రెండు నక్షత్రాలు తక్కిన తారలన్నిటినీ మించి వెలుగుతుంటాయి: దక్షిణాన బాగా ఎత్తులో మృగవ్యాధుడు, అతనికి దిగువన, క్షితిజం నుంచి సుమారు 24 డిగ్రీల ఎత్తులో అగస్త్యుడు. స్వర్ణముఖి నదిని నేలకు తెచ్చినవాడు అగస్త్య మహర్షేనని స్థలపురాణం చెప్పే ఈ క్షేత్రానికి ఆ తార పరాయిది కాదు.

అగస్త్యోదయం కోసం వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమే కేటాయించాడు. సూర్యసిద్ధాంతం ఆ తార స్థానాన్ని మిథునాంతంలో, క్రాంతివృత్తానికి 80 డిగ్రీల దక్షిణంగా నిర్దేశించింది. అయితే అదే గ్రంథం నక్షత్రాలన్నిటినీ సూర్యకక్ష్యకు 60 రెట్లున్న ఒకే కక్ష్యలో నిలిపింది. అన్నీ ఒకే దూరంలో ఉన్నాయనుకుంటే, కంటికి ఎక్కువ వెలుగు కనిపించే మృగవ్యాధుడే నిజానికీ గొప్పవాడని ఒప్పుకోక తప్పదు.

ఈ తీర్పు తారుమారు కావడానికి రెండు కొలతలు అవసరమయ్యాయి. మొదటిది దూరం: భూమి సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు సమీప నక్షత్రం కొద్దిగా పక్కకు జరిగినట్లు కనిపించే ‘లంబనం’ ఆధారంగా ఖగోళ శాస్త్రజ్ఞుడు బెసెల్ 1838లో ఒక నక్షత్రానికి తొలి నమ్మదగిన దూరాన్ని ప్రకటించాడు. రెండవది వెలుగు: నక్షత్రాల వెలుగు తరగతుల్లో అయిదింటి తేడాను సరిగ్గా నూరు రెట్ల వెలుగుగా నిర్ణయించే కొలమానాన్ని 1856లో ప్రతిపాదించిన నార్మన్ పాగ్సన్, 1861 నుంచి 1891లో మరణించే వరకు, శ్రీకాళహస్తికి నూరు కిలోమీటర్లకు కాస్త పైబడిన దూరంలోని మద్రాసు వేధశాలకు అధిపతిగా ఉన్నాడు. అక్కడే పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక చరతారను కనుగొన్నాడు.

దూరం రెట్టింపయితే నక్షత్రం వెలుగు నాలుగో వంతుకు, మూడింతలయితే తొమ్మిదో వంతుకు పడిపోతుంది. మృగవ్యాధుడి దూరం సుమారు 8.6 కాంతి సంవత్సరాలు, అగస్త్యుడిది సుమారు 310. అంటే అగస్త్యుడు 36 రెట్లు దూరాన ఉన్నాడు. మృగవ్యాధుణ్ణి అంత దూరానికి జరిపితే అతని వెలుగు దాదాపు 1300వ వంతుకు తగ్గి, మామూలు కంటికి ఆనడు; అంటే నిజప్రకాశంలో అగస్త్యుడే గొప్పవాడు.

లంబనం కొలవలేనంత దూరపు తారల విషయంలో దారిని తిరగవేయాలి: నిజప్రకాశాన్ని మరో విధంగా తెలుసుకుని, దాన్నిబట్టి దూరాన్ని లెక్కగట్టాలి. అలాంటి ఒక మార్గం హైదరాబాదులో పెరిగి నిజాం కళాశాలలో చదివిన వైను బప్పు వల్ల దొరికింది. చల్లని నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం గీత నడుమ కనిపించే సన్నని వెలుగు పట్టీ ఎంత వెడల్పుగా ఉంటే ఆ నక్షత్రం నిజప్రకాశం అంత ఎక్కువని బప్పు, ఓలిన్ విల్సన్ 1957లో ప్రకటించారు. అగస్త్యుడి వంటి వేడి తారకు వర్తించకపోయినా, రోహిణి, స్వాతి వంటి తారలకు ఈ సూత్రం పనికివస్తుంది.

చిత్తూరు సీమకు దక్షిణాన, జవ్వాది కొండల్లోని కావలూరులో వేధశాలను నెలకొల్పినదీ బప్పే. 1982లో ఆయన మరణించాక, అక్కడి 2.3 మీటర్ల దూరదర్శినికి 1986లో ఆయన పేరు పెట్టారు.