వట్టివేళ్ల తడికలు

గవరపాలెంలో కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర మొదలైందంటే అనకాపల్లికి ఎండాకాలం వచ్చేసినట్టే. ఆ రోజుల్లోనే మా ఇంట్లో అటక మీంచి వట్టివేళ్ల తడికలు దిగేవి. వెదురు బద్దల మధ్య వేళ్లు ఒత్తుగా పరిచి పురికొసతో బిగించిన తడికలవి. పడమటి కిటికీకి ఒకటి, వీధి గుమ్మానికి ఒకటి వేలాడదీసేవారు. పొద్దు వాలే దాకా చెంబుతో నీళ్లు చల్లడం పిల్లల పని. మంచినీళ్ల కుండలోకి కూడా మామ్మ గుప్పెడు వేళ్లు గుడ్డలో మూటగట్టి వేసేది.

పడమటి వడగాలి వీచిన రోజున తడిక బాగా పనిచేసేది. పొడిగాలి వేళ్లలోని నీటిని ఆవిరి చేస్తూ తన వేడిని పోగొట్టుకుని, పరిమళం పట్టుకుని లోపలికొచ్చేది. గాలి సముద్రం వైపు నుంచి తిరిగితే, తేమకి చల్లదనం తగ్గి వాసనే మిగిలేది.

ఈ అలవాటు చాలా పాతది. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో వట్టివేళ్లు కూరిన వెదురు గదుల గురించి, వాటి మీద నీళ్లు చల్లడం గురించి రాశాడు. తరవాత కంపెనీ దొరలూ వీటికి అలవాటు పడ్డారు. 1830లలో ‘థర్మాంటిడోట్’ అనే యంత్రం వచ్చింది. నౌకరు చేత్తో రెక్కలు తిప్పుతుంటే, తడిసిన వట్టివేళ్ల తెరల మీదుగా గాలి ఇంట్లోకి వచ్చేది. నేటి ఎయిర్ కూలర్‌కి పూర్వరూపం అదే. కూలర్లలోకి చౌకైన చెక్కపీచు, ఆపైన కాగితపు ప్యాడ్లు వచ్చాక చాలా ఇళ్లలో చల్లదనం నిలిచింది, పరిమళం పోయింది.

ఆ పరిమళాన్నే ఇప్పుడు సీసాలో పుల్లలు గుచ్చి విడిగా అమ్ముతున్నారు. రీడ్ డిఫ్యూజర్ అంటారు. నేనూ ఇంట్లో చేసుకున్నాను: ఇరుకు మూతి గాజు సీసా, ఒక వంతు వట్టివేరు తైలం, మూడు వంతులు డిఫ్యూజర్ల కోసమే అమ్మే పలచని ద్రవం, కొన్ని పేము పుల్లలు. పేములో ఈ కొస నుంచి ఆ కొస దాకా సన్నని గొట్టాలుంటాయి, నూనె వాటిలో పైకి పాకుతుంది. వెదురుకైతే కణుపులు అడ్డం. వట్టివేరు తైలం చిక్కన, నెమ్మదిగా ఆవిరవుతుంది. అత్తరు తయారుచేసేవారు త్వరగా ఎగిరిపోయే వాసనలు నిలవడానికి దాన్ని కలిపేది అందుకే.

ఆ తైలానికి ఖరీదెక్కువ, న్యాయంగానే. వేళ్లు నిటారుగా మూడు నాలుగు మీటర్లు దిగుతాయి. దాదాపు ఏడాదిన్నర పెంచి, తవ్వి, కడిగి, ఆరబెట్టి, గంటల తరబడి ఆవిరి పట్టాలి. అంతా చేస్తే వంద కిలోల ఎండు వేళ్లకి వచ్చేది కిలో అటూ ఇటూ. చౌకగా దొరికే సీసాల్లో చాలావరకు కృత్రిమ సెంటే.

నా బల్ల మీది సీసా గదికి వాసన ఇస్తోంది, కానీ గదిని చల్లబరచదు. తడిక రెండు పనులూ చేసేది, కరెంటు లేకుండా. మూలికల కొట్లలో వట్టివేళ్లు ఇప్పటికీ దొరుకుతాయి. వచ్చే వేసవికి పడమటి కిటికీ ఒక్కదానికైనా తడిక కట్టించండి. రాత్రిళ్లు బూజు పట్టకుండా ఆరనివ్వండి. పిల్లల చేతికి చెంబు ఇవ్వండి.