పేర్లన్నీ ఒకే పాటలో

1960 జనవరి నెలాఖరు. బ్రస్సెల్స్‌లో అడాల్ఫ్ మాక్స్ వీధి, ప్లాజా హోటల్. మీరు ఓవర్‌కోటు విప్పి చేతిమీద వేసుకున్నారు గానీ వేళ్లు ఇంకా కొంకర్లు పోతూనే ఉన్నాయి. హాలు నిండా కాంగో మాటలు. జనవరి 20 నుంచి బెల్జియం ప్రభుత్వంతో రౌండ్ టేబుల్ సమావేశంలో వాదిస్తున్నవాళ్లు ఈ రాత్రికి ఫైళ్లు పక్కన పెట్టి వచ్చారు. 27న తేదీ ఖాయమైంది: జూన్ 30న స్వాతంత్ర్యం. కాంగో ఒకప్పుడు బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఆస్తి, 1908 నుంచి బెల్జియం వలస రాజ్యం. ఇక ఐదు నెలలే.

కాంగో నాయకుడు లుముంబా 26న విమానం దిగాడు. కటాంగా ప్రాంతపు జైలు నుంచి నేరుగా ఇక్కడికే. మణికట్లకు కట్లు కట్టి ఉన్న చేతులు ఎత్తి చూపిస్తున్న ఆ ఫోటో మీరూ చూసే ఉంటారు.

వేదిక మీద ఆఫ్రికన్ జాజ్ బ్యాండ్. నడిమధ్య జోసెఫ్ కబసెలే, అందరికీ గ్రాండ్ కాలే. ఇరవై తొమ్మిదేళ్లు, మెత్తని గొంతు. పక్కన సోలో గిటార్‌తో నికో కసాండా. ఇరవయ్యేళ్లవాడు; జనం నోట ‘డాక్టర్’ నికో, ఆ పట్టా ఇచ్చింది శ్రోతలే. రిథమ్ గిటార్ మీద అతని అన్న దెషో. మరాకాస్ ఆడిస్తున్నది రోజర్ ఇజెయిది. మరి ఆ విక్కీ లొంగొంబా, బేస్ పట్టుకున్న బ్రాజోస్? వాళ్లు ఓకే జాజ్ మనుషులు! కాంగో రాజధాని లియోపోల్డ్‌విల్‌లో ఈ రెండు బ్యాండ్లకూ పోటీ అంటే పోటీ. వాళ్లు ఇవాళ ఒకే తాళానికి కాలు కదుపుతున్నారు.

గిటార్లు మొదలయ్యాయి. చా చా చా. క్యూబా నుంచి 78 ఆర్‌పీఎం రికార్డుల మీద కాంగో చేరిన నడక ఇది. అక్కడి జనానికి కొత్తగా ఏమీ అనిపించలేదు; కాంగో తీరం నుంచి బానిసలుగా ఓడలెక్కినవాళ్లు వెంట తీసుకుపోయిన తాళాలు క్యూబా సంగీతంలో కలిసే ఉన్నాయి మరి. పోయిన సొమ్ము వడ్డీతో ఇంటికొచ్చింది.

పాట లింగాలాలో. మీకు భాష రాకపోయినా ఒక్క మాట అందుతుంది: ఇండిపెండెన్స్. తర్వాత సమావేశానికొచ్చిన నాయకుల పేర్లు వస్తాయి. కసావుబు, లుముంబా, బొలికాంగో, కలోంజి, చోంబే, కమితాతు. పార్టీల పేర్లు కూడా. పెళ్లి శుభలేఖ వేయించినవాళ్లకు ఈ కష్టం తెలుసు. ఒక్క బాబాయి పేరు జారిపోయినా కార్డు మళ్లీ అచ్చు వేయించాలి. కాలే ఎవరినీ జారనివ్వలేదు. పొద్దంతా బల్లకు అటూ ఇటూ పడనివాళ్లను వరసలో పక్కపక్కనే కూర్చోబెట్టాడు. నన్నడిగితే ఆ వారంలో సమావేశం చేయలేని పని ఈ పాట చేసింది, అదీ మూడు నిమిషాల్లో.

ఆ మూడు నిమిషాలే. ఆపైన ఏమైందో మీకూ నాకూ తెలుసు. ఈ హాల్లో ఎవరికీ తెలియదు. జూలై 11న చోంబే కటాంగాను వేరు దేశమంటాడు. ఆగస్టులో కలోంజి దక్షిణ కసాయిని అదే అంటాడు. సెప్టెంబర్ 5న అధ్యక్షుడు కసావుబు లుముంబాను ప్రధాని పదవి నుంచి తీసేస్తాడు. 1961 జనవరి 17న కటాంగాలోనే లుముంబాను చంపేస్తారు. రికార్డు మీద మాత్రం పేర్ల వరస మారదు. లింగాలా ఒక్క ముక్క రాని ఊళ్లలోనూ, ఇంకా జెండా మారని దేశాల్లోనూ రేడియోలు ఆ వరసే వినిపిస్తూ పోతాయి.

ఇప్పుడు మాత్రం జనవరి. పేర్లు అయిపోయాయి; కాలే మైకు ముందు నుంచి అర అడుగు వెనక్కి జరిగాడు. నికో వేళ్లు పైతీగల మీదికి పాకాయి. దెషో కింద నుంచి అదే ముక్కను మళ్లీ మళ్లీ తిప్పుతూ తమ్ముడికి దారి వేస్తున్నాడు. చేతిమీద కోటు ఎవరి కుర్చీ మీద పడేశారో గుర్తులేదు. వేళ్లు వెచ్చబడ్డాయి. మరాకాస్ ఇంకా ఆగలేదు.