బాలకోటయ్య కేసు: కమ్యూనిస్టులన్న అనుమానంతో పోయిన రైల్వే ఉద్యోగాలు

కమ్యూనిస్టులతో సంబంధాలున్నాయన్న కారణంతో ఉద్యోగాలు పోగొట్టుకున్న బెంగాల్ నాగపూర్ రైల్వే ఉద్యోగులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి పోరాడిన కేసు 'పి. బాలకోటయ్య వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా'. ప్రభుత్వ ఉద్యోగి రాజకీయ అభిప్రాయం అతని రోజీరోటీకి అడ్డు కావచ్చా అన్న చర్చ వచ్చినప్పుడు ఈ తీర్పును గుర్తు చేసుకోవాల్సిందే.

అసలు ఏం జరిగింది?

1949 మార్చి 9 నుంచి దేశమంతా రైళ్లు ఆపాలని కమ్యూనిస్టుల నాయకత్వంలోని రైల్వే యూనియన్లు పిలుపునిచ్చాయి. ప్రభుత్వం ముందే పెద్ద ఎత్తున అరెస్టులు చేసింది. సమ్మె విఫలమైంది. అదే ఏడాది రైల్వే ఉద్యోగుల కోసం జాతీయ భద్రత పేరుతో ప్రత్యేక రూల్స్ వచ్చాయి.

వాటిలో మూడో రూల్ కీలకం. ఉద్యోగి విద్రోహ కార్యకలాపాల్లో ఉన్నాడని రుజువు కానక్కర్లేదు, సహేతుకమైన అనుమానం ఉంటే చాలు. అలాంటివాళ్లతో తిరుగుతూ నమ్మకం పోగొట్టుకున్నా సరే, ఇంటికి పంపేయవచ్చు. నోటీసు ఇస్తారు, జవాబు తీసుకుంటారు. కానీ తేల్చేది కోర్టు కాదు, అధికారులే. బాలకోటయ్య, మరికొందరి ఉద్యోగాలు ఈ రూల్ కిందే పోయాయి.

సుప్రీంకోర్టు ఏమంది?

1957 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఉద్యోగులు ఓడిపోయారు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19వ ఆర్టికల్ ఇచ్చిందని వాళ్లు వాదించారు. ఆ హక్కు ఉన్న మాట నిజమే, కమ్యూనిస్టులుగా ఉండకుండా మిమ్మల్ని ఎవరూ ఆపలేదు, కానీ ప్రభుత్వ కొలువులో కొనసాగడం ప్రాథమిక హక్కు కాదు అన్నది కోర్టు జవాబు. విచారణ లేకుండా తీసేయకూడదన్న 311వ ఆర్టికల్ వాదన కూడా నిలవలేదు. అప్పటిదాకా సంపాదించుకున్న పెన్షన్, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ లాంటివి దక్కుతాయి కాబట్టి ఇది శిక్ష కిందికి రాదని కోర్టు తేల్చింది.

చట్టం లెక్క అది. ఇంటి లెక్క వేరు. నెలనెలా వచ్చే జీతం ఆగిపోయిన కుటుంబానికి దాన్ని శిక్ష అన్నా, అనకపోయినా తేడా ఏముంటుంది?

1983లో వచ్చిన మార్పు

తర్వాత పాతికేళ్లకు ఇలాంటి ప్రశ్నే మరో రూపంలో వచ్చింది. మధ్యప్రదేశ్‌లో రమాశంకర్ రఘువంశీ అనే టీచర్ ఆరెస్సెస్, జనసంఘ్ కార్యక్రమాల్లో పాల్గొన్నాడని పోలీసులు రిపోర్టు ఇస్తే ప్రభుత్వం ఆయన్ను తీసేసింది. 1983లో సుప్రీంకోర్టు టీచర్ వైపే నిలిచింది. ఆ తీర్పు రాసింది గతంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జిగా పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఒకప్పటి రాజకీయ నమ్మకాలపై పోలీసు రిపోర్టు తెప్పించుకుని కొలువు కాదనడం మన రాజ్యాంగానికే విరుద్ధమని ఆయన స్పష్టం చేశారు. పార్టీ ఏదన్నది అక్కడ ముఖ్యం కాలేదు. కమ్యూనిస్టుకైనా, జనసంఘీకైనా, ఇంకెవరికైనా ఆ మాట ఒకటే.

ఇప్పటి పరిస్థితి

అంతమాత్రాన భయం పూర్తిగా పోలేదు. రాజ్య భద్రత కారణంగా విచారణ అవసరం లేదని రాష్ట్రపతి లేదా గవర్నర్ భావిస్తే, 311(2)(సి) కింద ఉద్యోగిని నేరుగా తొలగించవచ్చు. జమ్మూ కశ్మీర్‌లో 2021 నుంచి పలువురు ప్రభుత్వ ఉద్యోగులను ఇలాగే తీసేశారు. అయితే ఈ అధికారం కోర్టుకు అతీతం కాదు. ఎ.కె. కౌల్ కేసులో 1995లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: పరిమితంగానైనా కోర్టులు ఆ నిర్ణయాన్ని పరిశీలించవచ్చు. దురుద్దేశంతో గానీ, సంబంధం లేని కారణాలతో గానీ తీసేసి ఉంటే ఆ ఉత్తర్వు చెల్లదు. విచారణ దక్కని ఉద్యోగికి మిగిలిన దారి ఇదే.