అడవి అంచున కరెంటు, దాని వెనుక పెట్టుబడి

ఇల్లెందు ప్రాంతంలో 1871లో భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ కింగ్ బొగ్గు జాడ కనిపెట్టారు. తవ్వకాలకు డబ్బు మాత్రం లండన్ నుంచి వచ్చింది. 1886లో అక్కడ ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ వాటాల వ్యవహారం ఎంత గబ్బు పట్టిందంటే, 1888లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం విచారణకు దిగింది. ఖమ్మం సీమలో ఇంధనానికి పెట్టుబడి రావడం ఇలా మొదలైంది. నేల కోయ గిరిజనులది, కాగితాలు ఇంకెవరివో.

1966 నాటికి పాల్వంచలో థర్మల్ కేంద్రం వెలిగింది. కిన్నెరసాని నీళ్లు దానికే మళ్లాయి. అప్పుడు పూచీ సర్కారుదే.

1987లో పునరుత్పాదక ఇంధనానికి అప్పులిచ్చే ప్రభుత్వ సంస్థ ఇరెడా పుట్టాక గాలికీ ఎండకూ అప్పు పుట్టసాగింది. అయితే అప్పిచ్చేవాడు అడిగేవి ఎప్పుడూ రెండే: తాకట్టు ఏమిటి, పాతికేళ్లపాటు కరెంటు కొనేదెవరు? బొగ్గు సంస్థ సింగరేణి ఈ రెండింటికీ జవాబు చెప్పగలదు. అందుకే ఇల్లెందు, మణుగూరు, కొత్తగూడెంలలో సొంత వాడకానికి సోలార్ ప్లాంట్లు పెట్టుకోగలిగింది. అడవి నేల దున్నుకునే పోడు రైతు దగ్గర ఏ జవాబూ లేదు.

మధ్యలో ఇంకో దారి కనిపించింది. సారపాక కాగితం మిల్లు కోసం రైతులు జామాయిల్ వేశారు. ఖమ్మం జిల్లాలో సుమారు 3,070 హెక్టార్ల బీడు భూముల్లో సాగిన ఆ తోటల పెంపకం 2009లో ఐక్యరాజ్యసమితి కార్బన్ పథకంలో నమోదైంది. ఇది నిజంగా గొప్ప విషయమే. కానీ చెట్టు పెరిగి, లెక్క తేలితేగాని కార్బన్ సొమ్ము రాదు. రైతుకు డబ్బు కావలసింది మొక్క నాటే రోజున. పైగా 2012 నాటికి కార్బన్ పత్రాల ధర ప్రపంచమంతటా కుప్పకూలింది. దూరదేశపు మార్కెట్‌ను నమ్ముకున్న పెట్టుబడి గూడెంలో నిలవదని నాకు అప్పుడే అర్థమైంది.

అసలు చిక్కు పట్టాలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన భూమి వారసులకు దక్కుతుంది, అమ్మడానికి వీల్లేదు. 1/70 చట్టం కూడా ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు బదిలీ కానివ్వదు. ఈ రక్షణ ఉండి తీరాలి. కానీ వేలం వేయలేని భూమిని చూసి ఏ బ్యాంకూ పెద్ద అప్పు ఇవ్వదు. కనుక ఇక్కడ అప్పు కాదు, గ్రాంటే న్యాయం.

2025 మేలో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన ఇందిర సౌర గిరి జల వికాసం ఆ దారే పట్టింది: 12,600 కోట్ల రూపాయలు, 6 లక్షల ఎకరాలు, 2.10 లక్షల గిరిజన రైతులు, నూరు శాతం సబ్సిడీ. సగటున రైతుకు 6 లక్షలు. బోరూ సోలార్ మోటారూ ఉచితమే, సరే. మూడో ఏడు మోటారు కాలిపోతే? ఆ ఖర్చు రైతు మీద పడితే మళ్లీ వడ్డీ వ్యాపారి గుమ్మమే గతి. పథకం సొమ్ములోంచే మరమ్మతు నిధి ఒకటి విడిగా తీసి, దాన్ని గ్రామసభ చేతికివ్వాలి. ఆ పని సోలార్ పలకలు బిగించకముందే జరగాలి.