ఎముకల ఆపరేషన్ తరువాత అదుపు తప్పిన నొప్పి

విరిగిన ఎముకకు రాడ్డో ప్లేటో వేసిన తరువాత, కీలు మార్చిన తరువాత వచ్చే నొప్పికి సరైన వైద్యం అందకపోతే అది గాయం దగ్గరే ఆగదు. ఊపిరితిత్తులు, గుండె, నరాలు, చివరికి మనిషి నడక కూడా దెబ్బతింటాయి. ఎముకను కప్పి ఉండే పొరలో నొప్పిని పసిగట్టే నరాలు దట్టంగా ఉంటాయి. అందుకే అత్యధికంగా నొప్పి పుట్టించే ఆపరేషన్లలో ఎముకల ఆపరేషన్లను లెక్కిస్తారు. “ఆపరేషన్ అన్నాక నొప్పి ఉండదా, ఓర్చుకోవాలి” అని ఇళ్లలోనూ వార్డుల్లోనూ అంటుంటారు. ఆ ఓర్పుకు చెల్లించే మూల్యం పెద్దది.

మత్తు దిగిన మొదటి రాత్రి కీలకం. వెన్నులోకి ఇచ్చిన మత్తు మామూలుగా రెండు నుంచి నాలుగు గంటల్లో దిగిపోతుంది. మధ్యాహ్నం తుంటి ఆపరేషన్ అయిన ముసలమ్మకు పొద్దుగూకేసరికి సలుపు మొదలవుతుంది. మంచం పట్టె పట్టుకుని, కదలకుండా, పైపైన ఊపిరి తీస్తుంది. దగ్గితే కాలు అదురుతుందని దగ్గునూ అణచుకుంటుంది. దాంతో ఊపిరితిత్తుల అడుగు భాగాలు ముడుచుకుపోయి, కఫం నిలిచి, న్యుమోనియాకు దారి పడుతుంది. కదలని కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. నొప్పికి ఒంట్లో ఊరే ఒత్తిడి హార్మోన్ల వల్ల గుండె వేగం, రక్తపోటు, రక్తంలో చక్కెర పెరుగుతాయి. చక్కెర పెరిగితే కుట్ల దగ్గర చీము పట్టే ప్రమాదమూ ఎక్కువ. నిద్రలేని వృద్ధులు కొందరు మతి తప్పినట్టు మాట్లాడతారు.

భద్రాచలం ఏజెన్సీలో ఈ ముప్పుకు మరో కారణం తోడవుతుంది. ఇక్కడి గిరిజనుల్లో కొందరికి సికిల్ సెల్ వ్యాధి ఉంది. ఆ వ్యాధి తుంటి బంతికి రక్తం అందకుండా చేసి, వయసులో ఉన్నవారికే కీలు మార్చాల్సిన పరిస్థితి తెస్తుంది. అలాంటి మనిషి నొప్పికి భయపడి లోతుగా ఊపిరి తీయకపోతే ఆక్సిజన్ తగ్గుతుంది, ఎర్రకణాలు కొడవలిలా వంగి రక్తనాళాలను మూసేస్తాయి, ఛాతీలో ప్రాణాంతకమైన జబ్బు మొదలుకావచ్చు. 2023 జూలై 1న దేశవ్యాప్తంగా ప్రారంభమైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో పరీక్షలు చేయించుకున్నవారు తమకు ఇచ్చిన కార్డును ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చూపించాలి.

ఇంటికి చేరాక మొదలయ్యే నష్టం మరో రకం. నొప్పికి జడిసి మోకాలు వంచకపోతే లోపల మచ్చ కణజాలం అల్లుకుని కీలు బిగుసుకుపోతుంది. కుర్చీలో కూర్చోవడానికి మోకాలు సుమారు 90 డిగ్రీలు వంగితే చాలు. కానీ ఎండాకాలం తెల్లవారుజామున గొంతుక్కూర్చుని ఇప్పపూలు ఏరడానికి, మిరప చేలో కలుపు తీయడానికి, తునికాకు కట్టలు కట్టడానికి అది చాలదు. బిగిసిన మోకాలు ఇక్కడ బతుకుతెరువుకే దెబ్బ. కొందరిలో నరాలు నొప్పికి అతిగా స్పందించడం మొదలై, గాయం మానినా నొప్పి మిగిలిపోతుంది. మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. మోకీలు మార్పిడి చేయించుకున్నవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇది ఉంటుంది.

అన్ని నొప్పులూ మందుతో మాయం చేయాల్సినవి కావు. కట్టు కట్టిన కాలో చెయ్యో గాయానికి మించి పోటు పెడుతూ, వేళ్లను కదిలిస్తే ప్రాణం పోయినట్టుంటే లోపల కండరాల అరల్లో ఒత్తిడి పెరుగుతోందని అర్థం. గంటల్లోనే కండరం చచ్చిపోతుంది. వెంటనే కట్టు విప్పించి, అవసరమైతే కండరంపై పొరను కోయించాలి. నాటు వైద్యుల బిగువైన వెదురు బద్దల కట్లలోనూ ఇదే ప్రమాదం.

చికిత్స ఒక్క మందుతో కాదు. నొప్పి ముదిరాక కాక, వేళకు పారాసిటమాల్ ఇవ్వడం దానికి పునాది. మూత్రపిండాలు, కడుపు బాగున్నవారికి ఐబుప్రోఫెన్ వంటివి, కాలి నరాలకు మత్తు బ్లాక్, అవసరాన్ని బట్టి ట్రమడాల్, మార్ఫిన్ తోడవుతాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో మార్ఫిన్ చాలాకాలం రోగికి దూరమైంది. ఆ చట్టానికి 2014లో చేసిన సవరణ మార్ఫిన్ పొందడాన్ని సులభం చేసింది. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర రోజూ డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకోవడం మాత్రం మూత్రపిండాలకు చేటు.

భాష కూడా వైద్యంలో భాగమే. “సలుపు” అంటే ఒకటి, “మంట, సూదులు గుచ్చినట్టు” అంటే మరొకటి. రెండోది నరానికి సంబంధించింది, దాని మందులు వేరు. కోయ మాట్లాడే రోగిని తెలుగులో “నొప్పి ఉందా?” అని అడిగి, తల ఊపగానే వెళ్లిపోతే ఈ తేడా బయటపడదు. వాళ్ల భాష తెలిసినవారితో అడిగించాలి. సున్నా నుంచి పది దాకా అంకెలు కుదరకపోతే, ముఖాల బొమ్మలు చూపించాలి.

ఆపరేషన్ ఖమ్మంలో అయితే, భద్రాచలం నుంచి అది వంద కిలోమీటర్ల పైమాటే. చర్ల, దుమ్ముగూడెం అవతలి అటవీ గూడేలకు ఇంకా దూరం. మందులు అయిపోయిన రోజున తిరిగి రావడం అందరికీ సాధ్యం కాదు. అందుకే డిశ్చార్జి రోజునే మూడు విషయాలు అడిగి రాయించుకోండి: ఏ మందు ఏ వేళకు, ఎన్ని రోజులు; మోకాలు రోజుకు ఎన్నిసార్లు వంచాలి; నొప్పి ఎలా మారితే వెంటనే ఆసుపత్రికి రావాలి.